హైబ్రిడ్ కారులో హెచ్చరిక దీపం

జ్వరం రోగం కాదు, రోగానికి సూచన అని పెద్దలు చెబుతారు. కారు డ్యాష్‌బోర్డుపై వెలిగే హెచ్చరిక దీపమూ అటువంటిదే. జ్వరాన్ని మాత్రతో తగ్గించి రోగిని మరచినవాడు వైద్యుడు కానట్లే, దీపాన్ని ఆర్పి దోషాన్ని విడిచినవాడు మెకానిక్ కాడు. ఇతరులు వాడిన హైబ్రిడ్ కారును కొనదలచిన వారికి ఈ భేదం తెలియడం అత్యవసరం. ఆ చిన్న దీపం వెనుక ఒక కుటుంబం ఏండ్ల తరబడి కూడబెట్టిన ధనం ఉన్నది.

హైబ్రిడ్ అనగా రెండు శక్తులతో నడిచే వాహనం. పెట్రోలు ఇంజనుతోపాటు ఇందులో విద్యుత్ మోటారు, దానికొక పెద్ద బ్యాటరీ ఉంటాయి. బ్రేకు వేసినప్పుడు వృథా కావలసిన శక్తిలో కొంత భాగం విద్యుత్తుగా మారి ఆ బ్యాటరీలో చేరుతుంది. 1997లో జపానులో వెలువడిన టొయోటా ప్రియస్‌తో ఈ కార్లకు ప్రఖ్యాతి కలిగింది. మన దేశంలో 2008లో హోండా సివిక్ హైబ్రిడ్, 2010లో ప్రియస్ అమ్మకానికి వచ్చాయి. 2022లో మారుతి గ్రాండ్ విటారా, టొయోటా హైరైడర్ రావడంతో ఇవి మధ్యతరగతికి కొంత చేరువైనాయి.

దీపాల రంగులకు అర్థం ఉన్నది. ఎరుపు వెలిగితే సురక్షితమైన చోట బండిని ఆపవలెను. పసుపు వెలిగితే నెమ్మదిగా నడిపి, త్వరలో పరీక్ష చేయించవలెను. ఇంజను గుర్తు మిణుకుమిణుకుమంటే ఇంజనులో ఇంధనం సరిగా మండడం లేదని గ్రహించి వేగం తగ్గించవలెను. దీపం వెలిగిన కారణాన్ని కారులోని కంప్యూటరు ఒక కోడ్ రూపంలో దాచుకొంటుంది. స్కానర్ తగిలించి ఆ కోడ్‌ను చదవడమే చికిత్సకు మొదటి మెట్టు.

హైబ్రిడ్ దీపం వెలగగానే "పెద్ద బ్యాటరీ పోయింది" అని నిర్ణయించరాదు. మూడవ తరం ప్రియస్‌లో 1.2 వోల్టుల సెల్లులు 168 వరుసగా కలిసి 201.6 వోల్టులను ఇస్తాయి. గొలుసులో ఒక లంకె బలహీనపడినా కంప్యూటరు మొత్తం గొలుసును అనుమానిస్తుంది. వేడి ఈ బ్యాటరీకి పరమశత్రువు. దానిని చల్లబరచే గాలి వెనుక సీటు ప్రక్కనున్న రంధ్రాల గుండా వెళుతుంది. నందిగామ, జగ్గయ్యపేట వంటి మెట్ట ప్రాంతపు వేసవిలో, ఆ దారిని దుమ్ము గాని, పత్తి నూగు గాని, అడ్డుగా పెట్టిన మూటలు గాని మూసివేస్తే బ్యాటరీ వేడెక్కుతుంది. ఒక్కొక్కప్పుడు 12 వోల్టుల చిన్న బ్యాటరీ నీరసించినా అనేక దీపాలు ఒకేసారి వెలుగుతాయి. కనుక స్వల్ప కారణాలను ముందు పరిశీలించి, పెద్ద ఖర్చును చివరకు తలపెట్టడం వివేకం.

అమ్మకానికి ముందు కోడ్‌ను చెరిపి దీపాన్ని ఆర్పడం కొందరికి తెలిసిన విద్య. దోషం అలాగే ఉంటే కొంత దూరం నడిచిన తరువాత దీపం మరల వెలుగుతుంది. అప్పటికి సొమ్ము చేతులు మారి ఉంటుంది. దీనిని కనిపెట్టే మార్గాలు రెండు. మొదటిది: స్విచ్ వేయగానే హెచ్చరిక దీపాలు కొన్ని క్షణాలు వెలిగి ఆరిపోవలెను. అసలు వెలగని దీపాన్ని అనుమానించవలెను. రెండవది: కోడ్‌లను చెరిపిన తరువాత ఎన్ని కిలోమీటర్లు నడిచిందో అనేక కార్ల కంప్యూటర్లు చెబుతాయి. ఆ సంఖ్య మరీ చిన్నదైతే కారణం అడగడం కొనేవాని హక్కు. నోటిమాట హామీ కంటె బ్యాటరీ పరీక్షా పత్రం మేలు.

మరొక ముఖ్యవిషయం ప్రాణానికి సంబంధించినది. నారింజరంగు తొడుగుగల తీగలలో ప్రాణాంతకమైన విద్యుత్తు ప్రవహిస్తుంది. ఇంజను చప్పుడు లేనంత మాత్రాన కారు నిద్రపోయినట్లు కాదు. 'రెడీ' దీపం వెలుగుతున్నంతవరకు ఇంజను తనంతట తానే కదలవచ్చు. తగిన శిక్షణ, రబ్బరు చేతితొడుగులు లేనివారు ఆ తీగలను తాకరాదు. షెడ్లలో పనిచేసే మన సోదరులకు ఈ సంగతి తెలియజెప్పడం చదువుకొన్నవారి బాధ్యత.

భౌతికశాస్త్రంలో వోల్టేజిని గురించి చదివే విద్యార్థికి ఇందులో అర్థం కానిదేదీ లేదు. ఇంటిలో పాతకారు బేరం జరిగే దినాన అతడు పెద్దలతో కూడ వెళ్లి, కోడ్ చదివించమని అడుగగలిగితే, తరగతిలో నేర్చిన పాఠం ఇంటికి ఉపయోగపడినట్లే.