వీడియో గేమ్ సమీక్షల విశ్వసనీయత: 'సైబర్‌పంక్ 2077' ఉదాహరణ

సమీక్ష విశ్వసనీయత సమీక్షకుని నిజాయితీపైనే కాక, అతనికి అందిన ప్రతిపై కూడా ఆధారపడుతుంది. పోలండ్‌కు చెందిన సీడీ ప్రాజెక్ట్ సంస్థ 'సైబర్‌పంక్ 2077' గేమ్‌ను 2020 డిసెంబరు 10న విడుదల చేసింది. అంతకుముందు సమీక్షకులకు అందినది కంప్యూటర్ ప్రతి మాత్రమే; తాము ఆడిన దృశ్యాలను విడుదలకు ముందు చూపే అనుమతి కూడా వారికి లేదు. లోపాలను ప్రస్తావించినా, అధిక సమీక్షలు గేమ్‌ను ప్రశంసించాయి. కాని ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ వన్ కొనుగోలుదారులకు దక్కిన ప్రతి అంతకంటె ఎంతో లోపభూయిష్టం. కొద్ది రోజులకే సోనీ దానిని తన ఆన్‌లైన్ స్టోర్ నుండి తొలగించి, సొమ్ము తిరిగి చెల్లించడానికి అంగీకరించింది.

ఇక్కడ సమీక్షకులు అసత్యం చెప్పలేదు. వారు పరిశీలించిన పాఠం వేరు, కొనుగోలుదారునికి చేరిన పాఠం వేరు. పాఠపరిష్కర్త తన ఆధారప్రతిని పేర్కొన్నట్లే, సమీక్షకుడు కూడా ఎవరిచ్చిన ప్రతిని, ఏ యంత్రంపై, ఏ షరతులకు లోబడి ఆడాడో తెలపాలి. ఆ వివరాలు లేని సమీక్షను ప్రమాణంగా స్వీకరించలేము.