తాళం వేస్తే... తల్లడిల్లుతోంది!

ఆఫీసుకెళ్లేవాళ్లు ఆఫీసుకి, బడికెళ్లేవాళ్లు బడికి. తొమ్మిదయ్యేసరికి ఇంటికి తాళం. లోపల మిగిలేది ఒకే ఒక్క ప్రాణం... పెంపుడు కుక్క! సాయంత్రం వచ్చి చూస్తే చిరిగిన దిండ్లు, గీరిన తలుపు, పక్కింటివాళ్ల ఫిర్యాదు. అదంతా అల్లరే అనుకుంటే పొరపాటు. చాలాసార్లు అది భయం. ఆ భయాన్ని పోగొట్టే ఉపాయాలు మన చేతుల్లోనే ఉన్నాయి.

ఉదయం ఎనిమిదిన్నర. వంటింట్లో కుక్కర్ మూడో కూత వేసింది. పాప షూ లేసులు కట్టుకుంటోంది. అమ్మ లంచ్‌బాక్సులు సర్దుతోంది. నాన్న టీవీ పక్కనున్న బండి తాళాలు అందుకున్నాడు. అంతే... అప్పటిదాకా సోఫా పక్కన కునుకు తీస్తున్న టామీ దిగ్గున లేచింది. తోక కాళ్ల మధ్యకి వెళ్లిపోయింది. వగరుస్తూ ఒకసారి నాన్న వెంట, ఒకసారి అమ్మ వెంట తిరగడం మొదలుపెట్టింది. తలుపు మూసుకుంది. లిఫ్టు కిందికి దిగకముందే లోపల్నుంచి ఏడుపు మొదలు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి గుమ్మం దగ్గరే పక్కింటావిడ. ‘ఏమండీ, మీ కుక్క పొద్దస్తమానం ఏడుస్తూనే ఉందండీ. మా అత్తగారికి మధ్యాహ్నం కాస్త నడుం వాల్చే వీలు కూడా లేకుండా పోయింది’. తలుపు తీస్తే లోపల ఇల్లు పీకి పందిరేసి ఉంటుంది. ‘రెండు పూటలా తిండి పెడుతున్నాం, ఏసీ గదిలో పడుకోబెడుతున్నాం. అయినా కావాలనే కక్ష తీర్చుకుంటోంది’ అని విసుక్కుంటారు. ఆ విసుగు ముదిరి ‘ఎవరికైనా ఇచ్చేద్దాం’ అనేదాకా వెళ్తుంది. కుక్కని పెంచే ఎన్నో ఇళ్లలో ఇదే కథ. కుక్క పేరే మారుతుంది... ఒకచోట టామీ, ఇంకోచోట బ్రూనో!

కక్ష కాదు... కలవరం!

మనిషి, కుక్క కలిసి బతకడం మొదలై కనీసం 15 వేల ఏళ్లయిందని అంచనా. అన్ని తరాలు మన వెన్నంటే తిరిగిన జీవికి ఒంటరితనం అలవాటు లేకపోవడంలో వింతేముంది? పసిపిల్లలకు తల్లితో ఉండే అనుబంధాన్ని అంచనా వేయడానికి మనస్తత్వ శాస్త్రవేత్తలు ఓ పరీక్ష చేస్తుంటారు. తెలియని గదిలో బిడ్డని ఉంచి, తల్లి కాసేపు బయటకెళ్లి వస్తే బిడ్డ ఏం చేస్తుందో చూస్తారు. హంగరీ రాజధాని బుడాపెస్ట్‌లోని పరిశోధకులు 1998లో ఇదే పరీక్షని 51 కుక్కలకు పెట్టారు. యజమాని బయటకెళ్లగానే కుక్కలు తలుపు దగ్గరే నిలబడి ఎదురుచూడటం, తిరిగి రాగానే పరుగున వెళ్లి హత్తుకోవడం కనిపించింది. అచ్చం చంటిపిల్లల్లాగే!

చాలా కుక్కలు కాసేపు బెంగపడి, తర్వాత పడుకుంటాయి. కొన్నింటికి మాత్రం ఆ బెంగ భయంగా మారుతుంది. దీన్నే పశువైద్యులు ‘సెపరేషన్ యాంగ్జైటీ’ అంటారు. తెలుగులో చెప్పాలంటే ఎడబాటు బెంగ. ఫిన్లాండ్‌లో 13,700 కుక్కల వివరాలను యజమానుల నుంచి సేకరించి 2020లో ప్రచురించిన అధ్యయనంలో దాదాపు 5 శాతం కుక్కలకు ఈ ఇబ్బంది ఉన్నట్లు తేలింది.

అదే 2020లో లాక్‌డౌన్ వచ్చింది. ఇంటిల్లిపాదీ ఇరవైనాలుగు గంటలూ ఇంట్లోనే. ఆ రోజుల్లో ఇళ్లకు చేరిన కుక్కపిల్లలు మనుషులు లేని ఇల్లు ఎలా ఉంటుందో చూడకుండానే పెరిగాయి. తర్వాత ఆఫీసులూ బడులూ తెరుచుకునేసరికి వాటి లోకం ఒక్కసారిగా ఖాళీ అయిపోయింది. ఒంటరిగా ఉండటం కుక్కకి పుట్టుకతో వచ్చే విద్య కాదు... మనం నేర్పాల్సిన పాఠం. ఆ పాఠం ఎవరూ చెప్పకుండానే పరీక్ష పెట్టేస్తే అది మాత్రం ఏం చేస్తుంది?

ఆ ‘తప్పు చేసిన మొహం’ సంగతేంటి?

‘దానికి తెలుసండీ! నేను రాగానే చెవులు వాల్చి, చూపు తిప్పేసుకుంటుంది’ అంటుంటారు చాలామంది. న్యూయార్క్‌లోని బార్నార్డ్ కాలేజీకి చెందిన అలెగ్జాండ్రా హోరోవిట్జ్ ఈ విషయాన్నే 14 కుక్కల మీద పరీక్షించారు. తినొద్దని చెప్పిన పదార్థాన్ని ముందుపెట్టి యజమానిని బయటకు పంపారు. కొన్నిసార్లు కుక్క తినకపోయినా తినేసిందని యజమానికి చెప్పారు. 2009లో వెలువడిన ఫలితం ఏమిటంటే... ఆ ‘తప్పు చేసిన మొహం’ నిజంగా తప్పు చేసినందుకు రాలేదు. యజమాని తిట్టినందుకు వచ్చింది. ఏ పాపం ఎరగని కుక్కలు కూడా తిట్లు పడగానే అదే మొహం పెట్టాయి!

అంటే సాయంత్రం చిరిగిన దిండు చూపించి కొడితే, పొద్దున చేసిన పనికి ఇది శిక్ష అని దానికి అర్థం కాదు. అర్థమయ్యేది ఒక్కటే... ‘వీళ్లు వెళ్లినా భయమే, వచ్చినా భయమే’ అని. అలా రోగం ఇంకాస్త ముదురుతుంది.

ముందు వీడియో తీయండి

దిండు చింపిన ప్రతి కుక్కా భయంతోనే చింపిందని కాదు. ఏమీ తోచక చేసేవీ ఉంటాయి. తేడా తెలియాలంటే పాత ఫోను ఒకటి మూలన పెట్టి, వీడియో ఆన్‌చేసి బయటకు వెళ్లండి. మొదటి అరగంట చాలు. భయపడే కుక్క మీరు వెళ్లిన కొద్ది నిమిషాల్లోనే బయటపడిపోతుంది. ఆగకుండా అటూ ఇటూ తిరగడం, వగర్చడం, చొంగ కార్చడం, ఊళపెట్టడం, సరిగ్గా మీరు వెళ్లిన తలుపునే గీరడం దాని లక్షణాలు. ఇంట్లో మనుషులున్నప్పుడు ఎప్పుడూ లోపల మూత్రం పోయని కుక్క అప్పుడు పోసేస్తుంది. ఇష్టమైన తిండి పెట్టి వెళ్లినా ముట్టదు.

తోచక చేసేది అలా కాదు. కాసేపు పడుకుని లేచి, తీరిగ్గా ఓ చెప్పు ఎంచుకుని నమలడం మొదలుపెడుతుంది. దానికి కావాల్సింది ధైర్యం కాదు, పని.

మూడో రకం కూడా ఉంది. మూత్రంలో ఇన్ఫెక్షన్, మధుమేహం, కిడ్నీ జబ్బు, ముసలితనంలో వచ్చే మతిమరుపు... ఇవి ఉన్నా కుక్క ఇల్లు పాడుచేస్తుంది. కాబట్టి వీడియో పట్టుకుని ఒకసారి పశువైద్యుడి దగ్గరికి వెళ్లడం మంచిది.

క్షణాలతో మొదలుపెట్టాలి

ఈ బెంగకి అసలు మందు ఒక్కటే. ‘వెళ్లినవాళ్లు తిరిగి వస్తారు’ అన్న నమ్మకం. దాన్ని అంచెలంచెలుగా కలిగించాలి.

కుక్కకి గడియారం చూడటం రాదు కానీ మన కదలికల్ని చదవడం బాగా వచ్చు. తాళాల చప్పుడు, షూ, హ్యాండ్‌బ్యాగు, సెంటు వాసన... ఇవన్నీ దానికి ప్రమాద ఘంటికలే. ముందు వాటి పదును పోగొట్టాలి. రోజులో నాలుగైదుసార్లు తాళాలు తీసుకుని, ఎక్కడికీ వెళ్లకుండా సోఫాలో కూర్చుని పేపరు చదువుకోండి. షూ వేసుకుని వంటింట్లోకి వెళ్లి కూరగాయలు తరగండి. కొన్నాళ్లకి తాళాలు గలగలమన్నా అది తలెత్తి చూడటం మానేస్తుంది. అప్పుడు రెండో మెట్టు.

తలుపు తీసి మూయండి, బయటకు వెళ్లొద్దు. తర్వాత బయట అడుగుపెట్టి అయిదు సెకన్లలో వచ్చేయండి. ఆపైన పది సెకన్లు, అర నిమిషం, నిమిషం. ఒకే వరసలో పెంచుకుంటూ పోకుండా మధ్యలో చిన్నచిన్నవీ కలపాలి. కుక్క కలవరపడకముందే తిరిగి రావడం ఇక్కడ ముఖ్యం. అది కుయ్‌మందంటే మీరు తొందరపడినట్లే. వెనక్కి తగ్గి, అంతకుముందు హాయిగా ఉన్న సమయం దగ్గర మళ్లీ మొదలుపెట్టాలి. మొదటి అరగంట దాటించడమే కష్టం. ఆ గండం గడిచిందంటే తర్వాత పది నిమిషాలు, పావుగంట చొప్పున పెంచుకోవచ్చు. మొత్తం మీద ఇది వారాలు, ఒక్కోసారి నెలలు పట్టే పని. ఓపిక ఉండాలి.

మరి వెళ్లేముందు కుక్కని పలకరించాలా, వద్దా? ‘అయ్యో నా బంగారం’ అంటూ హడావుడి చేస్తే దాని కంగారు పెరుగుతుంది. అలాగని మొహం తిప్పుకుని వెళ్లాల్సిన పనీ లేదు. ఇటలీలో పది కుక్కలపై చేసి, 2018లో ప్రచురించిన ఓ చిన్న ప్రయోగంలో, యజమాని కాసేపు నిమిరి వెళ్లినప్పుడు అవి మరింత ప్రశాంతంగా ఉన్నట్లు కనిపించింది. నెమ్మదిగా నిమిరి, మామూలుగా వెళ్లొస్తే చాలు.

నోటికో పని... కాళ్లకో నడక

అలసిన కుక్కకి నిద్ర త్వరగా పడుతుంది. ఉదయం ఓ అరగంట ముందు లేచి దాన్ని నడిపించండి. గొలుసు పట్టుకుని పరుగెత్తించడం కాదు, చెట్టూ పుట్టా వాసన చూడనివ్వండి. వాసన చూడటం కుక్కకి మనం పేపరు చదువుకోవడం లాంటిది.

వెళ్లే ముందు నోటికి పని కల్పించండి. లోపల బోలుగా ఉండే గట్టి రబ్బరు బొమ్మలు పెంపుడు జంతువుల దుకాణాల్లో దొరుకుతాయి. ఉప్పు వేయని పెరుగన్నం, ఉడికించిన క్యారెట్, ఎముకల్లేని చికెన్ ముక్కలు అందులో కూరి రాత్రే ఫ్రీజర్‌లో పెడితే పొద్దుటికి గట్టిపడుతుంది. అది నాకి నాకి తినడానికి చాలాసేపు పడుతుంది. పాత తువ్వాలులో బిస్కట్ ముక్కలు చుట్టి ఇచ్చినా సరే. ఉల్లిపాయ, చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్, ఉడికించిన ఎముకలు మాత్రం పెట్టకూడదు.

ఎంతసేపు వదలొచ్చు?

స్వీడన్ పరిశోధకులు 2011లో దీని మీదే ఓ అధ్యయనం వెలువరించారు. ఒంటరితనం అంటే ఇబ్బంది లేని 12 కుక్కల్ని అరగంట, రెండు గంటలు, నాలుగు గంటల చొప్పున ఇంట్లో వదిలి చూశారు. అరగంట తర్వాత వచ్చినప్పటి కంటే రెండు గంటల తర్వాత వచ్చినప్పుడు వాటి స్వాగతం ఎక్కువ ఉత్సాహంగా ఉంది. అంటే ఏ బెంగా లేని కుక్కకి కూడా మనం ఎంతసేపు లేమన్నది పట్టింపేనన్నమాట. ఇక మూడు నాలుగు నెలల కుక్కపిల్లయితే మూత్రమే ఎక్కువసేపు ఆపుకోలేదు.

కాబట్టి పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్కటే వదిలేయకుండా మధ్యాహ్నం ఒకరు వచ్చి కాసేపు తిప్పే ఏర్పాటు చేసుకోవాలి. పనమ్మాయి వచ్చే వేళ మార్చుకోవచ్చు. పక్క వీధిలో ఉండే అమ్మమ్మ, రిటైరైన ఎదురింటి మాస్టారు, కాలేజీ నుంచి త్వరగా వచ్చే పిల్లలు... ఎవరో ఒకరు. నగరాల్లో డే కేర్‌లూ ఉన్నాయి. శిక్షణ సాగుతున్న రోజుల్లో ఇది మరీ ముఖ్యం. పొద్దున అయిదు నిమిషాలు నేర్పి, ఆ వెంటనే ఎనిమిది గంటలు తాళం వేస్తే నేర్పిందంతా బూడిదలో పోసిన పన్నీరే.

ఇంకో కుక్కని తోడు తెస్తే? చాలా సందర్భాల్లో ఉపయోగం ఉండదు. అది బెంగపెట్టుకున్నది మనిషి మీద, మరో కుక్క మీద కాదు. చివరికి ఏడ్చేవి రెండవుతాయి!

మందులూ ఉన్నాయి

భయం మరీ తీవ్రంగా ఉండి తలుపు గీరి గోళ్లూ, కొరికి పళ్లూ విరగ్గొట్టుకునే కుక్కలుంటాయి. వాటికి శిక్షణతోపాటు మందులు అవసరం కావొచ్చు. ఈ సమస్యకే క్లోమిప్రమిన్‌ని 1998లో, ఫ్లుయోక్సెటిన్‌ని 2007లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఆమోదించింది. రెండూ శిక్షణకి తోడుగా వాడాల్సినవే. పని చేయడానికి కొన్ని వారాలు పడుతుంది. ఇంట్లో ఎవరో వాడే నిద్రమాత్ర సగం చేసి వేయడం మాత్రం ప్రాణం మీదికి తెస్తుంది. మందూ మోతాదూ పశువైద్యుడే చెప్పాలి.

వదిలేస్తే వదిలిపోదు

ఇన్ని చేసే ఓపిక లేక కొందరు కుక్కని కార్లో ఎక్కించి ఊరి చివర దించి వస్తుంటారు. ఒంటరితనానికే వణికిపోయే ప్రాణిని అంతకన్నా పెద్ద ఒంటరితనంలోకి తోసేయడమది. జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం-1960లోని 11వ సెక్షన్ ప్రకారం, ఆకలిదప్పులతో అలమటించేలా జంతువుని సహేతుక కారణం లేకుండా వదిలేయడం నేరం. ఎప్పుడూ కట్టేసి, లేదా బంధించి ఉంచే కుక్కకి తగిన వ్యాయామం ఇవ్వకపోవడం కూడా అదే సెక్షన్ కింద నేరమే.

చట్టం దాకా ఎందుకు? మహాభారతంలో ధర్మరాజు స్వర్గం వాకిట నిలబడి కూడా వెంట వచ్చిన కుక్కని వదిలి రానన్నాడు. మనం వదలాల్సింది స్వర్గం కాదు... రోజుకో అరగంట!

ఇవి గుర్తుంచుకోండి

* బాల్కనీలో పెట్టి తలుపు వేయొద్దు. ఎండాకాలంలో వడదెబ్బ ప్రాణాలు తీస్తుంది. లోపలే చల్లటి గది, రెండు గిన్నెల్లో నీళ్లు ఉంచాలి.

* భయపడే కుక్కని బోనులో పెట్టి తాళం వేయొద్దు. బయటపడే ప్రయత్నంలో గాయాలవుతాయి.

* మొరిగితే షాక్ కొట్టే బెల్టులు వాడొద్దు. నోరు మూతపడినా భయం పోదు.

* దీపావళి టపాసుల వేళ ఒంటరిగా వదలొద్దు.

* ‘శిక్షణ ఇస్తున్నాం, కొన్ని వారాలు ఓపిక పట్టండి’ అని ఇరుగుపొరుగుకి ముందే చెప్పండి. ఫిర్యాదు చేసేవాళ్లే సాయానికి రావొచ్చు.

* కొత్తగా కుక్కపిల్లని తెచ్చుకుంటే మొదటి వారం నుంచే రోజూ కొద్ది నిమిషాలు వేరే గదిలో ఉండటం అలవాటు చేయండి.

మూణ్నెల్ల తర్వాత అదే ఇంట్లో, అదే ఎనిమిదిన్నరకి తాళాలు గలగలమంటాయి. టామీ ఒక కన్ను తెరిచి చూస్తుంది. ముందున్న రబ్బరు బొమ్మలో పెరుగన్నం ఇంకా మిగిలే ఉంది. వెళ్లినవాళ్లు వస్తారులే అన్నట్లు మళ్లీ దాని పనిలో అది పడిపోతుంది. అంతకన్నా ఇంకేం కావాలి?