ఆలిస్ ఇన్ వండర్‌ల్యాండ్ సిండ్రోమ్

పడుకోబోతున్న పిల్లాడు ఉన్నట్టుండి చేతులు చూసుకుని ‘నా వేళ్లేంటి ఇంత లావయ్యాయి!’ అని బెంబేలెత్తుతాడు. పక్కనే ఉన్న అమ్మ ఎక్కడో దూరంగా, బొమ్మంత కనిపిస్తుంది. కాలం పరుగు పెడుతున్నట్టో, ఆగిపోయినట్టో అనిపిస్తుంది. చాలాసార్లు కొన్ని నిమిషాల్లోనే అంతా మామూలైపోతుంది.

ఈ అరుదైన నాడీ సమస్యకు 1955లో ‘ఆలిస్ ఇన్ వండర్‌ల్యాండ్ సిండ్రోమ్’ అని పేరు పెట్టింది బ్రిటన్ మానసిక వైద్యుడు జాన్ టాడ్. 1865లో వెలువడిన లూయిస్ కెరోల్ నవలలో ఆలిస్ ఓసారి జానెడంత అవుతుంది, మరోసారి కప్పుకు తల తగిలేంత ఎదుగుతుంది. కెరోల్‌కు మైగ్రేన్ ఉండేది కాబట్టి సొంత అనుభవమే రాశాడంటారు. వినడానికి బాగుంటుంది గానీ, అది ఊహే.

లోపం కంటిలో లేదు. చూపు, స్పర్శ, ఒంటి కదలికల సమాచారాన్ని కలిపి అర్థం చేసుకునే మెదడు భాగాలు కాసేపు తడబడతాయి. అందుకే కంటి పరీక్షలో ఏమీ దొరకదు. పెద్దల్లో ఎక్కువగా మైగ్రేన్, పిల్లల్లో ఎప్‌స్టీన్-బార్ వంటి వైరస్ ఇన్ఫెక్షన్లు దీనికి కారణం. మూర్ఛ వ్యాధి, కొన్ని మందులు కూడా తెచ్చిపెట్టొచ్చు.

దీన్ని పిచ్చి అనుకోవడం తప్పు. కనిపిస్తున్నది నిజం కాదని బాధితులకు సాధారణంగా తెలుస్తూనే ఉంటుంది. ప్రత్యేకమైన మందంటూ లేదు. మూలకారణానికే చికిత్స చేస్తారు. పిల్లల్లో చాలామందికి దానంతటదే తగ్గిపోతుంది. పదేపదే వస్తున్నా, ఫిట్స్ తోడైనా న్యూరాలజిస్టుకు చూపించాలి.