తూటా తొడుగు: ఇత్తడిదా, ఉక్కుదా?

మన యిళ్ళలో ఇత్తడి బిందెలు అటకెక్కి, వాటి చోట స్టీలు బిందెలు వచ్చి చాలాకాలమైంది. అయినా పెద్దవాళ్ళు పాత బిందెను పారవెయ్యనివ్వరు. "సొట్ట పడ్డా ఇత్తడి ఇత్తడే. తూకం వేస్తే డబ్బు వస్తుంది" అంటారు.

అచ్చంగా యీ తగవే అమెరికాలో సరదాకి రైఫిలు కాల్చేవారి మధ్య కూడా వున్నది. సెలవురోజున మైదానానికి వెళ్ళి, గురిచూసి అట్టలను కాల్చటం అక్కడ చాలామందికి వినోదం. వారి పేచీ బిందెల గురించి కాదు, తూటా తొడుగుల గురించి.

తూటా అంటే గుండు ఒక్కటే అనుకుంటాం. నిజానికి అందులో నాలుగు భాగాలు: గుండు, మందు, మందును రగిల్చే చిన్న టోపీ, యీ మూడింటినీ పట్టివుంచే తొడుగు. మీట నొక్కగానే గుండు పోతుంది, మందు కాలిపోతుంది. తొడుగు మాత్రం వట్టిదై పక్కన పడుతుంది. ఆ వట్టి తొడుగే మన కథానాయకుడు!

ఇత్తడి గుణం

తూటాలకు వాడే ఇత్తడిలో నూటికి సుమారు 70 పాళ్ళు రాగి, 30 పాళ్ళు తుత్తునాగం. మందు రగిలినప్పుడు పుట్టే వొత్తిడి సామాన్యమైనది కాదు. పాయింటు 223 రైఫిలు తూటాకు అనుమతించిన గరిష్ఠ వొత్తిడి చదరపు అంగుళానికి 55,000 పౌన్లు! ఆ క్షణంలో తొడుగు ఉబ్బి, తుపాకి గొట్టం మొదట్లో తూటా కూర్చునే గూటి గోడలకు అంటుకుపోయి, పొగను వెనక్కి రానివ్వకూడదు. మరుక్షణం కాస్త ముడుచుకొని సులువుగా బయటికి రావాలి. ఉబ్బటమూ, ముడుచుకోవటమూ రెండూ ఇత్తడికి బాగా వచ్చు.

ఉక్కు అంతగా సాగదు. అందుచేత సందుల్లోంచి కొంత పొగ వెనక్కి వచ్చి, గూటిలో మసి పేరుకుంటుంది. తుడవకుండా వందలకొద్దీ కాలిస్తే ఒక్కొక్కప్పుడు తొడుగు లోపలే బిగుసుకుపోతుంది. పైగా తుప్పు భయం. అందుకే ఉక్కు తొడుగులకు లక్కవంటి పూతో, తుత్తునాగం పూతో, ప్లాస్టిక్కువంటి పూతో పూస్తారు.

మరి ఉక్కు ఎందుకు?

చవక కనుక! రెండవ ప్రపంచయుద్ధంలో జర్మనీకి రాగి కరువై ఉక్కు తొడుగులు విరివిగా చేసింది. తరువాత సోవియట్ రష్యా తన 7.62 మిల్లీమీటర్ల తూటాను చివరికి సన్నబడే ఆకారంలో చేసింది. కోసుగా వున్న వస్తువు కొద్దిగా కదిలితే చాలు, ఊడివస్తుంది. కాబట్టి ఆ తుపాకుల్లో ఉక్కు తొడుగు పెద్దగా మొరాయించదు. అంత కోసుదనం లేని పాయింటు 223లోనే పేచీ ఎక్కువ.

అసలు దోషి ఎవరు?

2013లో అమెరికాలో ఒక తూటాల వ్యాపారసంస్థ ఒక పరీక్ష ప్రకటించింది. ఒకే రకం రైఫిళ్ళు నాలుగు తీసుకొని, ఒక్కొక్కదానికి 10,000 తూటాలు కేటాయించారు. ఒకదానికి ఇత్తడివి, మూడింటికి మూడు రకాల ఉక్కువి. ఇత్తడి తూటాలు కాల్చిన గొట్టం చివరిదాకా పనికివచ్చే స్థితిలోనే వున్నది. ఉక్కువాటిలో రెండింటి గొట్టాలు చాలా ముందుగానే అరిగిపోయి, గుండ్లు అడ్డంగా తిరిగి అట్టకు తగలసాగాయి.

అయితే గొట్టాన్ని అరగదీసినది తొడుగు కాదు, గుండు! ఆ చవక తూటాల్లో గుండుపై కవచం కూడా రాగిపూత పూసిన మెత్తని ఉక్కే. అది గొట్టాన్ని ఒరుసుకుంటూ పోతుంది. ఇంకో చమత్కారం వినండి: నాటి ధరల్లో ఉక్కు తూటాల వల్ల మిగిలిన సొమ్ముతో కొత్త గొట్టం కొన్నా, ఇంకా డబ్బు మిగులుతుందని వారి లెక్క తేలింది!

తిరిగి నింపేవారి లాభం

ఇత్తడి తొడుగును సాపుచేసి, కొత్త టోపీ, మందు, గుండు అమర్చి మళ్ళీ మళ్ళీ వాడవచ్చు. ఉక్కు తొడుగును సాధారణంగా ఎవరూ నింపరు. వాటిలో ఎక్కువ భాగం బెర్డాన్ పద్ధతివి. టోపీ కింద రెండు సన్నని రంధ్రాలుంటాయి, పాత టోపీని ఊడదీయటం కష్టం. బాక్సర్ పద్ధతిలో నడిమధ్య ఒకే రంధ్రం, సూదితో నెడితే ఊడివస్తుంది. విచిత్రమేమంటే, బెర్డాన్ అమెరికావాడు, బాక్సర్ ఇంగ్లీషువాడు. అమెరికావారు పట్టుకున్నది మాత్రం ఇంగ్లీషువాడి పద్ధతిని!

చాలా కాల్పుల శాలల్లో అయస్కాంతం పెట్టి చూసి, గుండు అంటుకుంటే ఆ తూటాలను రానివ్వరు. ఉక్కు వున్న గుండు నిప్పురవ్వలు రేపవచ్చు, ఇనుప గురిపలకలను పాడుచెయ్యవచ్చు. నేల ఊడ్చినప్పుడు ఇత్తడి దొరికితే అమ్ముకోవచ్చుననే లాభం కూడా లేకపోలేదు.

2021లో అమెరికా ప్రభుత్వం రష్యా తూటాల దిగుమతికి కొత్త అనుమతులు ఆపివేసింది. అక్కడ ఉక్కు తూటాలు ఎక్కువగా రష్యానుంచే వచ్చేవి. దానితో చవకదనపు వాదం కొంత బలం తగ్గింది.

మన దేశంలో తూటా కొనాలంటే 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు కావాలి. అమెరికాలో వున్న మన పిల్లలు సెలవుల్లో యీ వినోదానికి వెళితే, ఒక్కటి మాత్రం చెప్పండి: చవక తూటా తప్పుకాదు, దానికి తగినంత తుడుపు తుడవకపోవటం తప్పు. కాలని తూటా లోపల ఇరుక్కుంటే చువ్వతో పొడవక, పని తెలిసినవాడి చేతికివ్వాలి. డబ్బు మిగిలిందా లేదా అన్న లెక్క, అటకమీది బిందె లెక్కలాగే, తరువాత తీరికగా చూసుకోవచ్చు.