కలగర సుబ్బారావు

కలగర సుబ్బారావు (1912 - 1981) కృష్ణా జిల్లాకు చెందిన ఆధ్యాత్మిక బోధకుడు, గేయకర్త. సంఘంలో సభ్యత్వం, బాప్తిస్మము లేకుండానే క్రీస్తును గురువుగా అనుసరించవచ్చునని బోధించి, 20వ శతాబ్దపు మధ్యకాలంలో కోస్తా ఆంధ్రలో ఒక ఉద్యమానికి మూలపురుషుడయ్యాడు. పరిశోధకులు దీనిని హిందూ-క్రైస్తవ ఉద్యమమని పేర్కొన్నారు.

నేపథ్యం

సుబ్బారావు ఉద్యమం మొదలైన ముంజులూరు గ్రామం కృష్ణా జిల్లా బంటుమిల్లి మండలంలో ఉన్నది. పొరుగున ఉన్న ముదినేపల్లి మండలం కూడా 2022 వరకు కృష్ణా జిల్లాలోనిదే. ఆ సంవత్సరం ఏలూరు జిల్లాలో చేరినది. ఈ ప్రాంతానికి క్రైస్తవ మతం 1841లో మచిలీపట్నంలో పని ప్రారంభించిన చర్చి మిషనరీ సొసైటీ ద్వారా వ్యాపించినది. క్రైస్తవులలో అధికులు దళితులు. అందువలన ఇతర కులాలవారికి బాప్తిస్మమంటే కేవలం ఒక సంస్కారం కాదు. కులాన్ని, బంధువర్గాన్ని విడిచి మరొక సమాజంలో చేరడమే.

జీవితం

సుబ్బారావు కమ్మ కుటుంబంలో జన్మించాడు. ఉపాధ్యాయ వృత్తిలో ఉండేవాడు. మతాలపై విశ్వాసం లేని ఈయనకు 1942లో క్రీస్తు దర్శనం కలిగినదని చెప్పుకున్నాడు. తరువాత క్రీస్తు పేరిట రోగుల కొరకు ప్రార్థనలు చేయసాగాడు. స్వస్థత కోరి వేలాదిమంది వచ్చేవారు. వారిలో అనేకులు హిందువులుగానే ఉంటూ క్రీస్తును ఆరాధించారు.

బోధనలు

సుబ్బారావు దృష్టిలో క్రీస్తు ఒక మతానికి స్థాపకుడు కాదు, సర్వమానవులకు సద్గురువు. సిలువ యొక్క సారం ఆత్మత్యాగం. 'నేను' అనే అహంకారం నశించడమే నిజమైన శిష్యత్వం. ఈ భావనలో అద్వైత వేదాంతపు ఛాయ స్పష్టంగా కనిపిస్తుంది. స్వార్థాన్ని విడువకుండా నీటిలో మునిగినంత మాత్రాన ప్రయోజనం లేదన్నది ఈయన వాదన. పాదరీల వ్యవస్థను తీవ్రంగా ఖండించాడు. పాదరీలను వెనుకకు మరలమని కోరే శీర్షికతో ఒక పుస్తకం కూడా రచించాడు. అయితే ఈయన బోధ ఎక్కువగా ప్రచారమైనది తెలుగు గేయాల ద్వారానే.

వివాదం

బెంగుళూరులోని యునైటెడ్ థియొలాజికల్ కాలేజీలో బోధించిన డెన్మార్క్ దేశీయుడు కాయ్ బాగో, ఈ ఉద్యమంపై 1968లో ఒక గ్రంథం ప్రచురించాడు. క్రీస్తును అనుసరించే హిందువు హిందూ సమాజాన్ని విడువనవసరం లేదని బాగో అభిప్రాయం. దక్షిణ ఇండియా సంఘపు బిషప్ లెస్లీ న్యూబిగిన్ 1969 నాటి తన గ్రంథంలో బాగో వాదాన్ని విమర్శించాడు. విశ్వాసానికి కంటికి కనిపించే ఒక సహవాసం అవసరమన్నది ఆయన వాదం.

ఇటువంటి ప్రశ్న క్రైస్తవానికి కొత్తది కాదు. యూదులు కానివారు క్రీస్తును విశ్వసిస్తే సున్నతి పొందవలెనా అనే వివాదం 1వ శతాబ్దంలోనే తలెత్తినది. అవసరం లేదని యెరూషలేములో పెద్దలు నిర్ణయించినట్లు అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయం చెబుతున్నది. అయితే అక్కడ సడలించబడినది యూదుల ఆచారం. సుబ్బారావు ప్రశ్నించినది క్రైస్తవ సంఘపు సంస్కారాన్నే. అందుచేతనే సంఘాలు ఈయన మార్గాన్ని అంగీకరించలేకపోయాయి.

సుబ్బారావు 1981లో మరణించాడు. ఈయన రచనలను, మార్గాన్ని గురించి హెచ్.ఎల్. రిచర్డ్ రచించిన ఆంగ్ల గ్రంథం 2005లో వెలువడినది.