గృహిణికొక గడియ

“మీ ఇంట్లోవారు ఏం చేస్తుంటారు?” అని మన మిత్రులలో నెవరినైన నడిగినచో తఱచుగా వచ్చు సమాధాన మొక్కటియే: “ఏమీ లేదండీ, ఇంటిపట్టునే ఉంటుంది.” ఈ మాట పలుకువారు సామాన్యులు కారు. న్యాయవాదులు, వైద్యులు, ఇంజనీర్లు, కచేరీలలో పెద్ద యుద్యోగములు చేయువారు. దస్తావేజులో నొక పదము తప్పినను పట్టుకొనగలవారు. అట్టివారే తమ గృహమున తెల్లవాఱుజాము మొదలు రాత్రి పొద్దుపోవువఱకు జరుగు చాకిరి నంతటిని “ఏమీ లేదు” అను మాటతో ముగించివేయుదురు. చెన్నపురిలోని తెలుగు కుటుంబములలో ఈ మాటను మేము పలుమాఱు వినియున్నాము, మేమును పలికియున్నాము. కావున నేడు దానినే కొంచెము విచారింపదలచితిమి.

భారత ప్రభుత్వ గణాంకశాఖవారు 2019లో దేశమంతట ప్రజల దినచర్యను గూర్చి విచారణ జరిపిరి. ఆఱేండ్లు నిండిన స్త్రీలలో నూటికి 81 మంది ప్రతిదినము జీతము లేని ఇంటిపని చేయుచున్నట్లును, ఆ పనికి సగటున 299 నిమిషములు పట్టుచున్నట్లును అందు తేలినది. పురుషులలో ఇంటిపనికి చేయి సాచినవారు నూటికి 26 మంది; వారు వెచ్చించినది 97 నిమిషములు. పిల్లలను, వృద్ధులను, రోగులను కనిపెట్టి చూచుటను ఈ లెక్కలో చేర్చలేదు. దానికి వేఱు పద్దు కలదు. ఉద్యోగము చేయు స్త్రీలును ఈ సగటులో కలిసియున్నారు. ఇంటనే యుండు తల్లి విషయమున లెక్క ఇంతకు మించునే కాని తగ్గదు. ఇంచుమించు అయిదు గంటల పనిని “ఏమీ లేదు” అనుట సత్యమునకు దూరము.

ఇంట నుండు తల్లులకు తగిన వ్యాసంగము లెవ్వి యను ప్రశ్నము పత్రికలలో మాటిమాటికి వచ్చుచుండును. సమాధానములును మనకు కంఠస్థములే. పిల్లలకు గౌనులు కుట్టవచ్చును. అప్పడములు, వడియములు పెట్టవచ్చును. క్రొత్త పిండివంటలు నేర్వవచ్చును. గుమ్మములకు తోరణము లల్లవచ్చును. ఇవి యన్నియు మంచి పనులే. కాని వీని నొక్కచో చేర్చి చూచినచో ఒక వింత కానవచ్చును: తల్లి తన తీరికవేళ చేయవలసినదియు ఇంటివారి కూడు గుడ్డల పనియే! పనినుండి విశ్రాంతి పేరిట మఱియొక పని యొప్పగించుట యిది.

వ్యాసంగమున కొక గుఱుతు చెప్పుదుము. దానిని నేడు మానివేసినచో ఇంటిలో నెవరికైన లోటు కలుగునా యని అడుగుడు. కలిగినచో అది పని. ఎవరికిని కలుగక, తన మనస్సునకు మాత్రమే వెలితి తోచినచో అది వ్యాసంగము. వంటయు, కుట్టుపనియు గూడ ఈ పరీక్షకు నిలువవచ్చును. ఆమె ఇచ్ఛచేత చేసి, ఇచ్ఛచేత మానగలిగినప్పుడు మాత్రమే.

ఇటీవల త్యాగరాయనగరమున నొక మిత్రుని గృహమునకు పోయియుంటిమి. గదిలో బీరువాపైన పాతదుప్పటి చుట్టిన పొడవాటి వస్తు వొకటి కనబడినది. అదేమని యడుగగా మిత్రుడు నవ్వి, “మా ఆవిడ వీణండీ. పెళ్లికి ముందు వాయించేది. పెద్దవాడు పుట్టినప్పుడు పైన పెట్టాం” అనెను. ఆ పెద్దవాడిప్పుడు తొమ్మిదవ తరగతి చదువుచున్నాడు. కాఫీ తెచ్చిన ఆ యిల్లాలిని “తీరిక లేకనా, అమ్మా?” అని అడిగితిమి. ఆమె యొక క్షణ మాలోచించి, “తీరిక లేకపోలేదండీ. ఎప్పుడు దొరుకుతుందో తెలియదు. దింపి, తుడిచి, శ్రుతి చేసుకొనేసరికి ఎవరో ఒకరు పిలుస్తారు” అని లోనికి పోయినది.

ఈ సమాధానమున సమస్య యంతయు నున్నది. తల్లికి కొఱవడినది తీరిక మాత్రమే కాదు, తీరికకు నిశ్చయము. ఆఱేసి నిమిషముల ముక్కలు పది చేరినను గంట కానేరదు. మన పూర్వులు దినమును 60 గడియలుగా విభజించిరి. గడియ యనగా 24 నిమిషములు. ఆ 60 గడియలలో నొక్కటి, ఎవరును పిలువనిది, ఎవరును ప్రశ్నింపనిది, ఆమెది యని యింటిల్లిపాది యెఱిగినది, ప్రతిదినము ఆమెకు మిగులవలెను. ఏమి చేయవలెనను ప్రశ్న దాని తరువాతిది.

అట్టి గడియలనుండి ఏమి పుట్టగలదో మన సాహిత్యచరిత్రయే చెప్పుచున్నది. 1874లో కృష్ణామండలమున జన్మించిన భండారు అచ్చమాంబగారికి బాల్యముననే వివాహమైనది. భర్త యుద్యోగరీత్యా ఆమె కాపురము తెలుగుదేశమునకు దూరముగా మధ్యపరగణాలలో సాగినది. బడి యెఱుగని ఆమె, నాగపురమున చదువుకొనుచుండిన తమ్ముడు కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి సాయమున ఇంటనే తెలుగు, హిందీ, మరాఠీ మొదలైన భాషలు నేర్చినది. కన్న బిడ్డలిద్దరిని పోగొట్టుకొన్నది. ఆ దుఃఖమునడుమనే గ్రంథములు సేకరించి స్త్రీల చరిత్రములను ‘అబలాసచ్చరిత్రరత్నమాల’గా కూర్చినది. 1902లో ‘హిందూసుందరి’ పత్రికయందు ‘ధనత్రయోదశి’ యను కథ ప్రకటించినది. 1905లో, ముప్పదియొక్క యేండ్లయినను నిండకయే పరమపదించినది. ఆమెకు కళాశాల లేదు, కొలువు లేదు. ఇల్లును, పుస్తకమును, చదువుటకు దొరకిన కొంత కాలమును మాత్రమే యుండినవి. తెలుగువారు తక్కువగా నున్న దూరదేశమున ఆమె తెలుగులో వ్రాసినదని చెన్నపురివాసులమైన మనము ప్రత్యేకముగా స్మరింపదగును.

చెన్నపురియు ఈ విషయమున వెనుకబడినది కాదు. 1928లో డాక్టరు కేసరిగారు ఇచటినుండి ‘గృహలక్ష్మి’ పత్రికను నెలకొల్పిరి. బాపట్లలో సంసారము చేసికొనుచు కనుపర్తి వరలక్ష్మమ్మగారు అందు ‘శారదలేఖలు’ వ్రాసిరి. ఒక స్త్రీ మఱియొక స్త్రీకి వ్రాసికొను ఉత్తరములవలె నుండు ఆ లేఖలలో వంటయిల్లును కలదు, చట్టసభయు కలదు. 1934లో ఆ పత్రిక యొసగు స్వర్ణకంకణము ఆమెకు లభించినది. దుర్గాబాయమ్మగారు 1937లో స్థాపించిన ఆంధ్రమహిళాసభ, నడుమ చదువు మానిన స్త్రీలను పరీక్షలకు సిద్ధపఱచుటతో ఆరంభమై, పిదప విద్యాలయములును వైద్యశాలలును గల సంస్థగా పెరిగినది. ఇల్లు దాటి పదుగురు కూడు చోటు దొరకినప్పుడు ఒకరి తీరిక ఇంకొకరికి తోడగునని దీనివలన తెలియుచున్నది.

ఇక నేటి తల్లి ఏమి చేయవచ్చును? మేము పట్టిక వ్రాయము. ఆమె చేతికి దగ్గఱగా నున్నవానిని రెండు మూడిటిని మాత్రము చూపుదుము.

ముగ్గునే చూడుడు. ధనుర్మాసమున ప్రతి తెలుగు వాకిటను, ప్రతి తమిళ వాకిటను చుక్కలు పెట్టి గీత తిప్పుదురు. దీనిని ఆడువారి అలవాటని చూచియు చూడకుండ దాటిపోవుదుము. కాని తాంబరములోని మదరాసు క్రైస్తవకళాశాలకు చెందిన గిఫ్టు సిరోమణి, రాణి సిరోమణి మొదలైన పండితులు ఈ చుక్కల ముగ్గుల అల్లికను గణితవ్యాకరణముగా వర్ణించి 1974లో వ్యాసము ప్రకటించిరి. చిన్న ముగ్గు నే నియమముచేత పెంచిన పెద్దముగ్గగునో కంప్యూటరుకు చెప్పదగిన నియమము లందున్నవి. మన యిండ్లలోని తల్లులు ఆ నియమములను వ్రేళ్లతో నెఱుగుదురు. ఒక నోటుపుస్తకము పెట్టుకొని, అమ్మమ్మ వేసిన ముగ్గు నొక పుటలోను, దానిని తాను మార్చిన తీరు నెదుటి పుటలోను వ్రాసికొనిన తల్లి కొన్నాళ్లకు తానే యొక శాస్త్రమునకు కర్త్రి యగును.

సంగీతము మఱియొకటి. 1928లో సంగీత విద్వత్సభ నెలకొన్న ఈ నగరమున డిసెంబరు వచ్చినచో త్యాగరాజస్వామి కీర్తనలు వినబడని పేట యుండదు. ఆ కీర్తనలలో నధికభాగము తెలుగు. పాడువారిలో పలువురకు ఆ మాటలు పరభాష. మన తల్లులకు తల్లిభాష. పాట రాకున్నను, రోజున కొక్క కీర్తన సాహిత్యము తీసికొని పదపదమునకు అర్థము విచారించుకొనుట మంచి వ్యాసంగము. ఎక్కడ పదము విఱువవలెనో తెలిసినవారి చెవికి పాట వేఱుగా వినబడును.

మేడపైన నాలుగడుగుల నీడయు, నాలుగు తొట్లును ఉన్నచో తోటపని కలదు. బచ్చలి తీగముక్కను నాటినను బ్రదుకును. తోటకూర విత్తిన నెలకే కోతకు వచ్చును. గోంగూర చెన్నపురి యెండకు వెఱవదు. ఇవి కూరకు వచ్చును గదా, పని యెట్లు కాదని యడుగవచ్చును. తోట పెంచువారిని అడిగి చూడుడు. కూరకొఱకు కాదు, ప్రొద్దుట లేచినప్పుడు క్రొత్తమొలక కనబడునను ఆశకొఱకు పెంచుదురు.

చదువునుగూర్చి ఒక్కమాట. మన నగరమునందలి తెలుగుపిల్లలలో పలువురు బడిలో తమిళమును, ఇంగ్లీషును చదివి, తెలుగును చెవితో మాత్రమే యెఱుగుదురు. “మీరే కూర్చుండబెట్టి నేర్పరాదా?” అని ఆ భారమునుగూడ తల్లిపైననే మోపుచున్నాము. అది న్యాయము కాదు, తండ్రియు తెలుగువాడే. తల్లి తనకొఱకు ఒక నవలయో, ప్రబంధమో చేతబట్టి కూర్చున్నచో చాలును. అమ్మ దేనిని చూచి నవ్వుచున్నదో తెలిసికొనగోరు బిడ్డ అక్షరములకై తానే వచ్చును.

ఇచట నొక హెచ్చరిక యవసరము. వ్యాసంగము అనగానే “దీనివలన నెలకెంత వచ్చును?” అను ప్రశ్న వెంట వచ్చును. పశ్చిమగోదావరిలోని నరసాపురపు లేసు అల్లిక యెంత సుకుమారమైనదో మన మెఱుగుదుము. మిషనరీలవలన పందొమ్మిదవ శతాబ్దమున వచ్చి, ఇండ్లలో కూర్చున్న స్త్రీల చేతులలో వర్ధిల్లి, సముద్రములు దాటి అమ్ముడుపోయిన వస్తువది. జర్మనీదేశపు సమాజశాస్త్రజ్ఞురాలు మరియా మీస్ ఆ పల్లెలలో విచారణ చేసి 1982లో ప్రకటించిన గ్రంథమున నొక చేదునిజమును వెల్లడించినది. గంటలకొలది అల్లినను వారిని పనివారుగా లెక్కింపలేదు. “ఇంట నుండు స్త్రీలు తీరికవేళ అల్లుకొనుచున్నారు” అను మాట చాటున వారికి అత్యల్పమైన కూలి ముట్టినది. తీరిక యను పేరు పనివిలువను దిగద్రావుటకు సాధన మయినది. కావున రెండు విషయములు వేఱుచేసికొనుట మేలు. డబ్బుకొఱకు చేయునది పని. దానికి న్యాయమైన కూలి రావలెను. మనస్సుకొఱకు చేయునది వ్యాసంగము. దానిని డబ్బుతో కొలువరాదు. ఒకటి రెండవదిగా మారుట తప్పు కాదు, కాని మార్చువా రామెయే కావలెను.

“మా ఇంట్లో ఆవిడకే ఏ సరదా లేదండీ” అను మిత్రులును కలరు. పది పండ్రెండేండ్లు ఎవరును అడుగని ప్రశ్నకు అడిగిన దినముననే సమాధానము రాదు. కొన్నాళ్లు ఆ గడియను ఆమె ఊరక కూర్చుండి గడపినను గడపనిండు. ఊరక కూర్చుండుటకును ఆమె కధికారము కలదు. చంటిబిడ్డ గల తల్లికి ఉపదేశముచేత గడియ దొరకదు. బిడ్డను మఱియొక రెత్తుకొన్నప్పుడే దొరకును. ఆ ఎత్తుకొనువారు బిడ్డ తండ్రియైనచో ఇంకను మంచిది.

పాఠకమహాశయులలో నధికులు గృహస్థులు. వారికి మా విన్నపము స్వల్పము. దినమున నొక వేళ నిర్ణయింపుడు. ఆ వేళ కాఫీ మీరే కలుపుకొనుడు. తలుపు తట్టినవారికి మీరే బదులు చెప్పుడు. పిల్లవాని లెక్కలు మీరే చూడుడు. ఆమె చేయుచున్నది బాగుగ నున్నదా యని తీర్పు చెప్పకుడు. అతిథుల యెదుట ప్రదర్శింపుమని నిర్బంధింపకుడు. వీణకు తంత్రులకై, పుస్తకమునకై, విత్తనములకై అయిన ఖర్చును ఇంటి ఖర్చులోనే వ్రాయుడు.

మేము ఆ మిత్రునికి వీణ దింపుటకు సాయము చేసెదమంటిమి. దుమ్ము దులుపగా రెండు తంత్రులు తెగియున్నట్లు తేలినది. మైనపు మేళము తిరిగి కట్టింపవలెను. “ఆదివారం మైలాపూరు తీసుకువెళ్తాను” అని ఆయన యనెను. లోపలినుండి ఆమె, “ఆదివారం కాదు, శనివారం వెళ్దాం. ఆదివారం దుకాణం ఉండదు” అనినది. పదునాలుగేండ్లుగా బీరువాపైన నున్న వీణకు దుకాణ మే దినమున మూయుదురో ఆమె మఱవలేదు.