మీటరుకు అందని మంద్రం: చిన్న సంగీత బృందాలకు బేస్ గిటార్ ఎందుకు చిక్కుముడి?

పుదుచ్చేరి: ఊరి తిరునాళ్లలోనో, పెళ్లి విందులోనో పాటకచేరీ మొదలవుతుంది. వేదికపై కీబోర్డు, ప్యాడ్, డోలక్, గిటార్, బేస్ గిటార్, ఇద్దరు గాయకులు. రెండు పాటలు ముగిసేసరికి రెండు ఫిర్యాదులు వస్తాయి. “బేస్ స్వరాలు తెలియడం లేదు” అని వేదిక ముందు కూర్చున్నవారు అంటారు. “కిటికీ తలుపులు అదురుతున్నాయి, పసిపాప నిద్రపోవడం లేదు” అని రెండు వీధుల అవతలి ఇంటివారు అంటారు. ఒకే వాద్యంపై వచ్చిన ఈ రెండు ఫిర్యాదులూ నిజమే కావచ్చు.

పుదుచ్చేరి జిల్లాలోని ఏంబలం వంటి గ్రామీణ ప్రాంతాల్లో ఇళ్లకూ వేదికకూ మధ్య దూరం తక్కువ. అద్దెకు తెచ్చే సౌండ్ సిస్టమ్ మాత్రం నానాటికీ పెద్దదవుతోంది. ఇదే కేంద్రపాలిత ప్రాంతంలో భాగమై, కాకినాడ సమీపాన ఉన్న తెలుగువారి యానాంలోనూ పాటల భాష మారుతుందే తప్ప చిక్కు మారదు. మంద్రస్థాయి ధ్వని స్వభావం, చట్టం దానిని కొలిచే తీరు, చిన్న బృందాలు తీసుకోదగిన జాగ్రత్తలను పరిశీలిద్దాం.

బేస్ గిటార్ వేదికకెక్కిన నేపథ్యం

విద్యుత్ బేస్ గిటార్‌కు విస్తృత ప్రాచుర్యం కల్పించిన వాద్యం 1951లో అమెరికాకు చెందిన లియో ఫెండర్ తెచ్చిన ‘ప్రెసిషన్ బేస్’. అంతకుముందు నిలువెత్తు డబుల్ బేస్ ఉండేది. దానిని మోయడం కష్టం, డ్రమ్స్ మధ్య అది వినిపించడం ఇంకా కష్టం. దక్షిణాది శ్రోతలకు ఈ వాద్యాన్ని చేరువ చేసింది సినిమా పాట. 1976లో ‘అన్నక్కిళి’తో సినీరంగ ప్రవేశం చేసిన ఇళయరాజా బాణీల్లో బేస్ గిటార్ పాటకు తోడుగా నడిచే రెండో రాగంలా వినిపిస్తుంది. ఏ.ఆర్. రెహమాన్ పాటలకు బేస్ వాయించినవారిలో కీత్ పీటర్స్ ఒకరు. ఆ పాటలు పాడే బృందానికి ఆ గీతలు వినిపించడం తప్పనిసరి.

ఊళ్లలో ఒకప్పుడు మోగిన గొట్టం మైకులు మాట, గాత్రం దూరం చేరడానికి ఉద్దేశించినవి. మంద్రస్థాయి వాటిలో దాదాపు పలకదు. అయినా పాట వింటున్నవారికి బేస్ ఉన్నట్టే తోచేది. మూల స్వరం లేకున్నా, దాని పైన పలికే అనుస్వరాల ఆధారంగా మెదడు లోపించిన స్వరాన్ని ఊహించుకోగలదు. ఇప్పుడు వచ్చిన సబ్‌వూఫర్ పెట్టెలు ఆ స్వరాన్ని నిజంగానే పలికిస్తున్నాయి. చిక్కు అక్కడే మొదలైంది.

మంద్రం ఎందుకు అంత మొండిది?

నాలుగు తీగల బేస్ గిటార్‌లో అతి కింది స్వరం పౌనఃపున్యం సుమారు 41 హెర్ట్జ్. వెచ్చని గాలిలో ధ్వని సెకనుకు దాదాపు 350 మీటర్లు ప్రయాణిస్తుంది. ఆ లెక్కన ఈ స్వరం తరంగదైర్ఘ్యం సుమారు 8.5 మీటర్లు. ఇంత పొడవైన తరంగానికి స్పీకర్ పెట్టె, స్తంభం, మనిషి పెద్ద అడ్డంకులు కావు. అది పెట్టె ముందుకే కాక అన్ని దిక్కులకూ వ్యాపిస్తుంది. పెట్టెను ఇళ్లవైపు నుంచి పక్కకు తిప్పినంత మాత్రాన ప్రయోజనం అంతంతే. గాత్రంలోని పై పౌనఃపున్యాలను గోడలు, చెట్లు, గాలి క్రమంగా తగ్గిస్తాయి. మంద్రం మాత్రం గోడ దాటి లోపలికి వస్తుంది. అందుకే దూరంగా ఉన్నవారికి పాట వినబడదు, ‘దుమ్ దుమ్’ అనే మోత ఒక్కటే మిగులుతుంది.

మరి ముందున్నవారికి స్వరం తెలియకపోవడమేమిటి? వేదికకు కుడివైపున ఒకటి, ఎడమవైపున ఒకటి సబ్‌వూఫర్ పెట్టడం ఆనవాయితీ. రెండు పెట్టెల నుంచి ఒక చోటికి ఉన్న దూరాల మధ్య తేడా సగం తరంగదైర్ఘ్యం అయితే, అక్కడ రెండు తరంగాలు ఒకదానినొకటి చాలావరకు రద్దు చేసుకుంటాయి. 60 హెర్ట్జ్ ధ్వనికి ఆ తేడా సుమారు 3 మీటర్లు. అంటే ఒక కుర్చీలో బేస్ గుండెను తాకుతుంది, కాస్త దూరంలోని మరో కుర్చీలో మాయమవుతుంది. అక్కడివారి ఫిర్యాదు విని ధ్వని పెంచితే, ఆ కుర్చీకి చేరేది కొద్దే, ఊరికి చేరేది ఎక్కువ.

వాట్లు రెట్టింపైతే మోత రెట్టింపు కాదు

500 వాట్ల యాంప్లిఫయర్ స్థానంలో 1,000 వాట్లది తెస్తే పెరిగేది 3 డెసిబెళ్లు మాత్రమే. చెవికి అది స్వల్పమైన తేడా. ధ్వని రెట్టింపైనట్టు అనిపించాలంటే సుమారు 10 డెసిబెళ్లు, అంటే పది రెట్లు శక్తి కావాలి. పైగా మన చెవి మంద్రానికి మందకొడిది. అమెరికాలోని బెల్ ప్రయోగశాల పరిశోధకులు ఫ్లెచర్, మన్సన్ 1933లోనే దీనిని గ్రాఫులుగా చూపారు. 1,000 హెర్ట్జ్ వద్ద 40 డెసిబెళ్ల ధ్వని ఎంత వినిపిస్తుందో, 40 హెర్ట్జ్ వద్ద అంతే వినిపించడానికి 80 డెసిబెళ్లకు పైగా కావాలి. అందువల్ల వాట్ల పోటీలో చిన్న బృందం గెలవలేదు. అద్దె పెరుగుతుంది, జనరేటర్ డీజిల్ ఖర్చు పెరుగుతుంది, స్వరం స్పష్టత మాత్రం పెరగదు.

నిబంధనలు ఏం చెబుతున్నాయి?

శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు 2000లో అమల్లోకి వచ్చాయి. లౌడ్‌స్పీకర్ వాడకానికి అధికారుల లిఖితపూర్వక అనుమతి ఉండాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 గంటల వరకు బహిరంగ ప్రదేశాల్లో వాడరాదు. సాంస్కృతిక, మతపరమైన ఉత్సవాల సందర్భంగా ఏడాదికి 15 రోజులకు మించకుండా, అర్ధరాత్రి 12 వరకు ప్రభుత్వం సడలింపు ఇవ్వవచ్చు. ఈ నిబంధనను సుప్రీంకోర్టు 2005లో సమర్థించింది. నివాస ప్రాంతాల్లో పరిమితి పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు. లౌడ్‌స్పీకర్ వాడే బహిరంగ ప్రదేశపు సరిహద్దు వద్ద ధ్వని, ఆ ప్రాంత ప్రమాణం కంటే 10 డెసిబెళ్లు ఎక్కువ లేదా 75 డెసిబెళ్లు, ఈ రెండింటిలో ఏది తక్కువైతే దానిని మించరాదు.

అయితే ఈ అంకెలన్నీ ‘ఎ’ తూనిక పద్ధతిలో కొలిచినవి. చెవి తీరును అనుకరిస్తూ ఆ పద్ధతి మంద్రాన్ని బాగా తగ్గించి లెక్కిస్తుంది. 40 హెర్ట్జ్ వద్ద తగ్గింపు దాదాపు 35 డెసిబెళ్లు. కేవలం 40 హెర్ట్జ్ ధ్వని 90 డెసిబెళ్ల స్థాయిలో ఉన్నా మీటరు 55 అనే చూపుతుంది. అదే నివాస ప్రాంతపు పగటి పరిమితి. మీటరు ప్రకారం తప్పేమీ లేదు, కిటికీ మాత్రం అదురుతూనే ఉంటుంది. కనుక మీటరు ఆమోదించినంత మాత్రాన పొరుగువారికి ఇబ్బంది లేదని అనుకోరాదు. చట్టం కొలవని ఆ మేరకు బాధ్యత బృందానిదే.

చిన్న బృందం ఏం చేయవచ్చు?

మొదటిది, పెట్టెల స్థానం. రెండు సబ్‌వూఫర్లు ఉంటే వాటిని దూరదూరంగా కాక, వేదిక ముందు నేలపై మధ్యలో పక్కపక్కనే పెట్టడం మేలు. రద్దు ప్రదేశాలు తగ్గుతాయి, అదే శక్తితో ఎక్కువ ధ్వని వస్తుంది. చెక్క వేదికపై పెడితే వేదికే మోగుతుంది.

రెండోది, మిక్సర్‌పై ఉండే హై-పాస్ ఫిల్టర్ మీట. సాధారణంగా 75 నుంచి 100 హెర్ట్జ్ మధ్య ఉండే ఈ మీట ఆ హద్దుకు దిగువ ధ్వనిని తగ్గిస్తుంది. గాయకుల మైకులు, గిటార్ వరుసల్లో దీనిని నొక్కితే గాలి హోరు, వేదిక అదురు తగ్గి బేస్‌కు చోటు దొరుకుతుంది. బేస్‌లో సైతం 30 హెర్ట్జ్‌కు దిగువన ఉన్నదానిని తొలగిస్తే నష్టం లేదు. స్వరం వినిపించడం లేదన్నప్పుడు కింది భాగాన్ని పెంచకుండా 700 నుంచి 1,000 హెర్ట్జ్ ప్రాంతాన్ని కొద్దిగా పెంచి చూడాలి. వేళ్ల కదలిక, స్వరం తేటపడేది అక్కడే.

మూడోది, డీఐ బాక్స్. బేస్ గిటార్ సంకేతాన్ని పొడవాటి కేబుల్ గుండా మిక్సర్‌కు నష్టం లేకుండా చేర్చే చిన్న పెట్టె ఇది. ఇది ఉంటే వేదికపై పెద్ద యాంప్లిఫయర్ అవసరముండదు. వాయిద్యకారుడు తన స్వరం తాను వినడానికి చిన్న యాంప్లిఫయర్‌ను చెవి ఎత్తుకు వాల్చి పెట్టుకుంటే చాలు. కాళ్ల దగ్గర పెడితే అతనికి వినిపించదు, దాంతో ధ్వని పెంచుతాడు.

నాలుగోది, వాయించే తీరు. కీబోర్డు ఎడమచేయి, ప్యాడ్‌లోని కిక్, బేస్ గిటార్ మూడూ ఒకే మంద్రస్థాయిలో తలపడితే మిగిలేది బురద మోతే. బేస్ ఉన్నప్పుడు కీబోర్డు వాయిద్యకారుడు ఎడమచేతిని విరమించాలి. బేస్ వాయించేవారు స్వరాన్ని ఎక్కడ మొదలుపెట్టాలో ఎంత శ్రద్ధగా చూస్తారో, ఎక్కడ ఆపాలో అంతే శ్రద్ధగా చూడాలి. అరచేతి అంచుతో తీగలను అణచి పొట్టి స్వరాలు పలికిస్తే, ప్రతిధ్వనించే కల్యాణ మండపంలో సైతం లయ స్పష్టంగా నిలుస్తుంది.

ఎర్తింగ్: ప్రాణానికి సంబంధించిన విషయం

మన విద్యుత్ సరఫరా 50 హెర్ట్జ్. అది బేస్ గిటార్ స్వరాల పరిధిలోనే ఉంది. అందుకే ఎర్తింగ్ దోషం వల్ల పుట్టే ‘హమ్మ్’ శబ్దం బేస్ వరుసలో స్పష్టంగా వినబడుతుంది. దానిని ఆపడానికి ప్లగ్‌లోని మూడో పిన్నును విరిచేయడం కొందరి అలవాటు. ఇది ప్రాణాంతకం. యాంప్లిఫయర్‌లో లోపం తలెత్తితే లోహపు తీగలకు, అక్కడి నుంచి వాయిద్యకారుడి చేతికి 230 వోల్టులు చేరవచ్చు. అదే సమయంలో అతని పెదవి మైకును తాకితే విద్యుత్ వలయం పూర్తవుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాలతో నేల తడిసే పుదుచ్చేరి తీరంలో ఈ ముప్పు ఇంకా ఎక్కువ. హమ్మ్ పోవాలంటే డీఐ బాక్స్‌పై ఉన్న గ్రౌండ్ లిఫ్ట్ మీట వాడాలి. వేదికపై పరికరాలన్నిటికీ ఒకే చోటి నుంచి కరెంటు తీసుకోవాలి. 30 మిల్లీ ఆంపియర్లకే సరఫరాను తెంచే ఆర్‌సీసీబీ తప్పక ఉండాలి.

చెవులకూ ఒక పరిమితి

సంగీత కార్యక్రమాల్లో 15 నిమిషాల సగటు ధ్వని 100 డెసిబెళ్లను మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సూచించింది. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్కలో 85 డెసిబెళ్ల వద్ద 8 గంటలు, 94 వద్ద 1 గంట, 100 వద్ద 15 నిమిషాలు మాత్రమే సురక్షితం. మూడు గంటల కచేరీలో శ్రోత లేచి వెళ్లగలడు, డ్రమ్స్ పక్కన నిలబడిన బేస్ వాయిద్యకారుడు వెళ్లలేడు. అన్ని స్థాయిలనూ దాదాపు సమంగా తగ్గించే సంగీతకారుల ఇయర్‌ప్లగ్‌లు అతనికి తీగలంత అవసరం.

ఫ్రాన్స్‌లో 1982లో మొదలై ఏటా జూన్ 21న జరిగే సంగీత దినోత్సవం ఫ్రెంచి వారసత్వమున్న పుదుచ్చేరిలోనూ జరుగుతుంది. వీధిలోనే సంగీతం వినిపించాలన్నది దాని ఉద్దేశం. వీధిలో వాయించేవారికి వీధిలో నివసించేవారూ శ్రోతలే. కచేరీకి ముందు బృందంలో ఒకరు వేదిక దిగి, రెండు వీధులు నడిచి, ఒక ఇంటి గుమ్మం దగ్గర నిలబడి వింటే చాలు. ఏ మీటరూ చెప్పని సంగతి అక్కడ తెలుస్తుంది.